కలిపి ఉంచిన ఎలుకలు

జూన్ 12, మంగళవారం

ఈ రోజు నగురా ఆ పాప తల్లిని వెంటబెట్టుకుని మా ప్రయోగశాలకు వచ్చాడు. నగురా, నేనూ ఒకే బ్యాచ్. అతను పిల్లల డాక్టరయ్యాడు, నేను ఎలుకలదాన్నయ్యాను. ఆవిడ పేరు కితావో. ముప్పై దాటి ఉండవు, కళ్ళ కింద మాత్రం యాభై ఏళ్ళ నలుపు. పాప పేరు సయో, నాలుగేళ్ళది. పుట్టిన ఏడాదికే పేగు వాచి నెత్తురు పడడం మొదలైంది. తిన్నది ఒంటబట్టదు.

మా పేపరు పోయిన ఏడాది అచ్చయ్యాక, నగురా దాన్ని చదివి పాప నెత్తురు పరీక్ష చేయించాడు. త్సునగి అనే ప్రోటీనును తయారుచేసే జన్యువు రెండు ప్రతుల్లోనూ విరిగిపోయి ఉంది. మాకు తెలిసినంతలో అలాంటి మనిషి ప్రపంచంలో ఆ పాప ఒక్కతే. కాబట్టి ఆ రోగం గురించి సాక్ష్యం చెప్పేది నా ఎలుకలే. ఆ జన్యువు తీసేసిన నాకౌట్ ఎలుకలన్నిటికీ రెండో నెల దాటేసరికి పేగు వాస్తుంది. మామూలు ఎలుకలకు వాయదు. త్సునగి పనిచేసేది మజ్జలో పుట్టే కణాల్లో కాబట్టి నవంబరులో పాపకు ఎముక మజ్జ మార్పిడి చేస్తారట. చేస్తే బాగుపడవచ్చు, పోనూవచ్చు. పదిమందిలో ఒకరు పోతారు అని నగురా ఆమె ముందే చెప్పాడు. ఆమె ఆ మాట అప్పటికే చాలాసార్లు విన్నట్టుంది, తల ఊపింది.

త్సునగి అంటే ఏమిటని అడిగింది. మంటలార్పేటప్పుడు వరసగా నిలబడి బకెట్లు అందించుకుంటాం కదా, స్కూల్లో చేయించేవారు గుర్తుందా అన్నాను. సూక్ష్మజీవి వచ్చిందని కణం బయట ఒకడు చూస్తాడు, ఆ కబురు లోపలికి చేతుల మీదుగా వెళ్ళాలి, ఆ వరసలో ఒక మనిషి త్సునగి, మీ పాపకు ఆ మనిషి లేడు అన్నాను. బాగానే చెప్పాననుకున్నాను.

"అయితే డాక్టరు గారు అన్నట్టు ఇది మా నుంచే వచ్చిందన్నమాట," అంది.

ఒక ప్రతి మీ నుంచి, ఒకటి మీ వారి నుంచి, ఇందులో ఎవరి తప్పూ లేదు అన్నాను. పిల్లల డాక్టర్లు చెప్పే మాటే అది.

"అందుకే రెండో బిడ్డ వద్దనుకున్నాం," అంది. వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అంది.

ఎలుకలను చూస్తానంది, లోపలికి రానివ్వరు కదా, ఫోటో చూపించాను. ఫోటోకు తల వంచి దణ్ణం పెట్టింది. వెళ్ళేటప్పుడు ఇంకో మాట చెప్పింది. సయో ఇంతవరకూ ఇంకో పిల్లతో ఆడలేదట. పార్కు లేదు, బడి లేదు. మేనమామ పిల్లలు వస్తే అద్దం తలుపు అవతల నుంచి చేతులు ఊపుతారట. ఏ క్రిమి ఎటునుంచి వస్తుందోనని భయం. మంచి పనే చేస్తున్నారు అన్నాను.

జూన్ 14

రెండో పేపరు సమీక్ష నుంచి తిరిగి వచ్చింది. ముగ్గురిలో ఇద్దరు మెచ్చుకున్నారు. మూడోవాడికి ఒకటే సందేహం: మామూలు ఎలుకలనూ నాకౌట్లనూ ఒకే పెట్టెల్లో పెంచారా?

లేదు. నాకౌట్లు మా మూడో నంబరు గదిలో తరతరాలుగా వాటిలో అవే పెరుగుతున్నాయి. మామూలువి పెంపకందారు దగ్గర కొంటాం. పెట్టెల్లో వస్తాయి, అటు వరసలో పెడతాం. ఎవరి పెట్టెలు వారివి. అందరూ అంతే చేస్తారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో.

జూన్ 18, సోమవారం

భూకంపం. స్టేషను మెట్ల మీద ఉన్నాను. రెయిలింగు పట్టుకుని కూర్చుండిపోయాను, పక్కనున్న ముసలాయన నా భుజం పట్టుకున్నాడు, ఇద్దరం ఒకరికొకరం క్షమాపణలు చెప్పుకున్నాం.

రైళ్ళు లేవు. నడిచి వెళ్ళాను. ఎలుకల గదిలో అరలు గోడకు బిగించి ఉన్నాయి కాబట్టి నిలబడ్డాయి. కొన్ని పెట్టెలు జారి నేల మీద పడ్డాయి. ఇవసా నాకంటే ముందే వచ్చి, మోకాళ్ళ మీద పాకుతూ పారిపోయినవాటిని పట్టుకుంటున్నాడు. వాడు మా డాక్టరేట్ విద్యార్థి, ఈ చలికాలంలో థీసిస్ ఇవ్వాలి. నన్ను చూసి, "మేడమ్, ఇవి ఇల్లు ఖాళీ చేశాయి, అద్దె బాకీ కూడా కట్టలేదు," అన్నాడు. ఒసాకావాడు కదా, ఇల్లు కూలినా ముందు జోకే.

గ్యాసు ఆగిపోయింది. గ్యాసు లేకపోతే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే పెట్టెలు శుద్ధి చేయలేం.

జూన్ 20

శుద్ధి చేసిన పెట్టెలు అయిపోతున్నాయి. ఉన్నవాటిలో ఇరుక్కోవాల్సిందే. మగవాటిని కలిపితే కొట్టుకు చస్తాయి. తల్లిపాలు మానిన ఆడపిల్లలైతే సర్దుకుంటాయి. నెల నిండిన నాకౌట్ ఆడవాటిని, అదే ఈడు మామూలువాటిని కలిపి పెట్టమని చెప్పాను. చెవికి వేసిన చిల్లులను బట్టి ఏది ఏదో తెలుస్తుంది. నిర్ణయం నాదే, మా ల్యాబు పెద్దాయన హతనో సార్‌ను అడగలేదు. ఇంట్లో పుస్తకాల బీరువా పడి ఆయన మడమ వాచింది.

మూత పెట్టాక కాసేపు చూశాను. ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి. తర్వాత అన్నీ ఒక మూల పొట్టులో దూరి ముద్దగా పడుకున్నాయి. అన్నీ నల్లవే, ఏది ఎవరిదో తెలియలేదు.

జూన్ 26

గ్యాసు వచ్చింది. పెట్టెలు వచ్చాయి. కలిపినవాటిని రేపు విడదీయాలి.

జూలై 6

వాన. వాన. కలిపినవి ఇంకా కలిసే ఉన్నాయి. ఎలాగూ లెక్కలోకి రావు, తొందరేముంది.

ఆగస్టు 8

తూకాల రోజు. ఇవసా పిలిచాడు. కలిపి ఉంచిన నాకౌట్లు బరువు తగ్గడం లేదట. ఈ వయసుకు వీపు వంచుకుని, తోక కింద తడితో ఉండాలి. ఇవి బొద్దుగా పరుగులు పెడుతున్నాయి.

చెవి గుర్తులు తప్పు చదివావు అన్నాను. రెండుసార్లు చూశానన్నాడు. మూడోసారి చూడు అన్నాను. అరిచినట్టున్నాను, పక్క గదివాళ్ళు తొంగి చూశారు.

ఆగస్టు 10

నేనే స్వయంగా తోక కొసలు తీసి జన్యు పరీక్ష చేశాను. అన్నీ నాకౌట్లే. ఒక్కదానిలోనూ త్సునగి లేదు. ఒక్కదానికీ రోగం లేదు.

ఆగస్టు 11

మళ్ళీ చేశాను. అంతే.

ఆగస్టు 14

ఓబొన్, పోయినవాళ్ళను తలచుకునే పండగ. అమ్మ సమాధి కడిగి, నీళ్ళు పోసి వచ్చాను. దారిలో ఒక్క మనిషితోనూ మాట్లాడలేదు, నిన్నా మాట్లాడలేదు.

ఆగస్టు 20

భూకంపం తిన్న ఎలుకలు ఇవి. అదిరిపోయాయి, కింద పడ్డాయి, ఇరుకులో పెరిగాయి. ఇలాంటివాటిని ఏ ప్రయోగంలోనూ లెక్కించరు. లెక్కించకూడదు కూడా. తీసేయడమే శాస్త్రీయం.

భయపడ్డ ఎలుకకు రోగం ముదరాలి కదా, తగ్గడమేమిటి? ఈ వాక్యం రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఏమైనా సరే, భూకంపం తిన్నవి లెక్కలోకి రావు.

ఆగస్టు 22

పెద్దాయనకు చెప్పాను. మడమకు కట్టు, కాలు కుర్చీ మీద. గ్రాఫు గీతలన్నీ శ్రద్ధగా చూశారు. "ఓహో. ఆసక్తిగా ఉందే. దీని గురించి ఒకసారి నిదానంగా ఆలోచిద్దాం," అన్నారు.

పన్నెండేళ్ళుగా వింటున్నాను. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే వద్దనే అర్థం. తర్వాత టీ తెప్పించారు, నా ఆరోగ్యం అడిగారు, మార్చిలో రిటైరయ్యాక సముద్రం పక్కన చేపలు పడతానన్నారు. త్సునగి అన్న పేరు ఆయన పెట్టిందే. కలిపేది అని అర్థం. సమీక్షలో ఉన్న ఈ పేపరే ఆయన చివరిది. నా కాంట్రాక్టు కూడా మార్చితోనే ముగుస్తుంది. ఈ పేపరు ఉంటే నాకు కొత్త ల్యాబు వస్తుంది. లేకపోతే రాదు. ఆ సంగతి ఆయన అనలేదు, నేనూ అనలేదు.

సెప్టెంబరు 4

తుఫాను. కిటికీ అవతల ఎవరిదో రేకు కప్పు ఎగిరిపోయింది. భూకంపం, వరద, తుఫాను అయ్యాయి. ఇక మిడతల దండు రావాలి.

సెప్టెంబరు 11, మంగళవారం

కోసి చూశాం. విడిగా పెరిగిన నాకౌట్ల పేగులు ఎప్పటిలాగే ఎర్రగా, మందంగా, పొట్టిగా ఉన్నాయి. కలిపి ఉంచినవాటివి శుభ్రంగా ఉన్నాయి. పక్కనే మామూలు ఎలుకల పేగులు పెట్టి, ఏది ఏదో చెప్పమని ఇవసాను అడిగాను. చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేకపోయాను.

అంతా ఇప్పుడు తేటగా ఉంది. ఎలుకలు ఒకదాని పెంటికలు ఒకటి తింటాయి. ఒకే పెట్టెలో ఉంటే ఒకదాని కడుపులోని సూక్ష్మజీవులు అన్నిటికీ వస్తాయి. మా నాకౌట్లు తరతరాలుగా మూడో గదిలో వాటి కడుపులోని చెడ్డ సూక్ష్మజీవులను అవే పంచుకుంటూ వచ్చాయి. మామూలువాటి కడుపులో మంచివి ఉన్నాయి. కలిపాక మంచివి గెలిచాయి. త్సునగి లేకపోవడం ఒక్కటే రోగం తేలేదు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, వీటికి రెండు నెలలు కూడా అక్కర్లేకపోయింది. తరతరాలుగా ఆ గదిని అంత శుభ్రంగా, అంత విడిగా ఉంచింది మేమే.

ఇవసా చాలాసేపు చేతి తొడుగులు తీయలేదు. తర్వాత, "మేడమ్, ఇది బయటికి వస్తే నా థీసిస్ ఏమవుతుంది?" అని అడిగాడు.

మళ్ళీ మొదటినుంచి అన్నాను.

"పోనీ, రాకపోతే?"

పేగుల పళ్ళేలకు మూతలు పెట్టాను. వాడే, ఆకలేస్తోంది ఉడోన్ నూడుల్స్ తిందాం పదండి అన్నాడు. తిన్నాం. ఎలుకల మాట రాలేదు. వాడి తమ్ముడి పెళ్ళి గురించి మాట్లాడుకున్నాం.

సెప్టెంబరు 13

నగురా ఫోన్ చేశాడు. మజ్జ ఇచ్చేవాళ్ళు దొరికారు, బాగా సరిపోయింది. నవంబరు మొదటి వారంలో పాపను చేర్చుకుంటారు. ముందు మందులతో పాప సొంత మజ్జ మొత్తం చంపేస్తారు. చంపాక వెనక్కి తిరగడం ఉండదు.

గొంతు ఉత్సాహంగా ఉంది. "ఏంటే, ఏం మాట్లాడవు? ఇదంతా నీ ఎలుకల చలవే కదా," అన్నాడు.

మంచిది అన్నాను. మంచిది అని ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబరు 14

మార్పిడి చేసినా పాపకు మేలే జరగవచ్చు. ఎలుక వేరు, మనిషి వేరు. ఎలుకల్లో సూక్ష్మజీవుల వల్ల వచ్చినంత మాత్రాన పాపకు అలాగే వచ్చిందని ఎక్కడుంది?

ఎలుక వేరు, మనిషి వేరు అని జూన్‌లో ఆవిడతో ఎందుకు అనలేదు నేను?

సెప్టెంబరు 20

పేపరు పంపగానే నగురాకు చెప్తాను. ముందు ఇంకోసారి రుజువు చేయాలి. సగం తెలిసి చెప్పడం బాధ్యతారాహిత్యం. నవంబరుకు ఇంకా వ్యవధి ఉంది.

సెప్టెంబరు 27

సమీక్షకుడికి జవాబు రాశాను. "ఈ అంశాన్ని మున్ముందు పరిశీలించదలచుకున్నాం." అబద్ధం కాదు. పెద్దాయనకు చదవడానికి ఇచ్చాను. బాగుంది అన్నారు. నా మొహం చూడకుండా అన్నారు.

అక్టోబరు 3

నగురా పేరు కనబడితే ఫోను బోర్లా పెడుతున్నాను. తీయడం లేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మూర్ఖులను చూసి ఇన్నేళ్ళూ నవ్వాను. నా కుందేలుకు నాలుగో కాలు నేనే లెక్కపెట్టి, దాన్ని కొంగు కింద దాచుకున్నాను. నాకంటే ఆ మూర్ఖులే నయం.

అక్టోబరు 12, శుక్రవారం

ఈ రోజు ఎలుకల సంస్మరణ. ప్రతి ఏడూ ఈ రోజుల్లోనే. భవనం వెనక రాయి ముందు అందరం నల్లబట్టల్లో వరసగా నిలబడతాం. పెద్దాయన నాలుగు మాటలు చదువుతారు, మీ ప్రాణాలు వృథా పోనివ్వం అని. ఒక నిమిషం మౌనం. తర్వాత ఒక్కొక్కరం తెల్ల చేమంతి పెట్టి తల వంచుతాం. ఏటా మౌనం పాటించేటప్పుడు నేను మర్నాటి పనులు తలచుకుంటాను.

ఈసారి నగురా వచ్చాడు. వెంట కితావో గారు. నల్ల కోటు, చేతిలో సొంతంగా కొన్న చేమంతులు, కట్టగా. ఆవిడే వస్తానందట. నీకు ముందే చెప్పాలని చాలాసార్లు ఫోన్ చేశాను, నువ్వు తీయలేదు అన్నాడు నగురా. పక్కన ఇవసా ఉన్నాడు. వాడు ఆవిడను చూశాడు, నన్ను చూశాడు, నేల చూశాడు.

ఆవిడ వంతు వచ్చింది. పూలు పెట్టింది. మిగతా అందరూ లోపల అనుకుని వెనక్కి వచ్చేస్తారు, ఆవిడ పైకే మాట్లాడింది. పెద్ద గొంతు కాదు, నేను దగ్గరగా ఉన్నాను కాబట్టి వినిపించింది.

"మీ పుణ్యాన మా పాప రోగం ఎక్కడిదో తెలిసింది. మా నుంచే వచ్చిందని తెలిసింది. తెలియకపోతే ఇంకా డాక్టర్ల చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్ళం. మీ రుణం తీర్చుకోలేను. వచ్చే నెల మా పాపకు... మీరు కొంచెం తోడుండండి."

ఇక నిలబడలేకపోయాను. ధైర్యం వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. ఎలుకలకు అబద్ధం అంటగట్టి ఆవిడ చేత దణ్ణం పెట్టించాను, అది చూడలేకపోయాను, అంతే. ముందుకు వెళ్ళి ఆవిడ మోచేయి పట్టుకున్నాను. మా దేశంలో అలా ఎవరూ పట్టుకోరు. ఆవిడ ఉలిక్కిపడింది.

"కితావో గారూ, మీ నుంచి వచ్చిందని నేను చెప్పింది తప్పు కావచ్చు. ఆ జన్యువు లేని ఎలుకలు కొన్ని ఆరోగ్యంగా ఉన్నాయి. మామూలు ఎలుకలతో కలిపి పెంచితే రోగం రాలేదు. మజ్జ మార్చినంత మాత్రాన పాపకు తగ్గుతుందని ఇప్పుడు నేను చెప్పలేను. ఆపించండి. కనీసం వాయిదా వేయించండి."

నగురా ఏదో అనబోయాడు. ఆవిడ చేయెత్తి ఆపింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆగస్టులో."

"ఇది అక్టోబరు."

అవునన్నాను. వరసలో చాలామంది వింటున్నారు. పెద్దాయన కర్ర మీద ఆనుకుని చెట్టు వైపు చూస్తున్నారు. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మానేశాం, పాపకు నువ్వెంతిచ్చావు నేనెంతిచ్చాను అని లోపల లెక్కలు, పిల్ల పక్కన ఇంకో పిల్లను కూర్చోనివ్వలేదు, రెండో బిడ్డను వద్దనుకున్నాం, ఇదంతా మీ ఎలుకలు చెప్పాయనే కదా అంది. ఒక్క మాటా గొంతు పెంచి అనలేదు. నేను తల వంచుకుని నిలబడ్డాను. క్షమించండి అన్న మాట నోటిదాకా వచ్చి, మరీ చిన్నదిగా అనిపించి ఆగిపోయింది.

ఇవసా అప్పుడు రాయి దగ్గరికి వెళ్ళి ఆవిడ చేమంతులు తీసి ఇవ్వబోయాడు. ఎందుకలా చేశాడో వాడికే తెలియదు, కంగారులో.

"ఉండనివ్వు బాబూ," అంది ఆవిడ. "వాటి తప్పేముంది? అవి నిజమే చెప్పాయి."

అక్టోబరు 13

శనివారం. నగురా దగ్గరికి వెళ్ళి అన్ని గీతలూ, అన్ని ఫోటోలూ ముందు పెట్టాను. నన్ను తిట్టాడు. బాగా తిట్టాడు, చదువుకునే రోజుల్లో తిట్టినట్టు. తర్వాత కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుని, సరే మొదటినుంచి చెప్పు అన్నాడు.

అక్టోబరు 15

పెద్దాయన పిలిచారు. మార్పులు చేసిన పేపరు పంపనని చెప్పాను. మొదటి పేపరుకు కూడా సవరణ ప్రకటించాలన్నాను.

"ఒక్క ఆర్నెల్లు ఆగి ఉంటే నీకు ల్యాబు వచ్చేది," అన్నారు. కోపంగా కాదు. ఆయన బాధపడ్డారు, నాకోసం కూడా. అది భరించడం కష్టమైంది.

సవరణ మీద ఆయన సంతకం పెట్టారు.

అక్టోబరు 19

పుట్టిన వెంటనే నాకౌట్ పిల్లలను తీసి మామూలు తల్లుల దగ్గర పెట్టాం. తల్లి గూటి పొట్టును పిల్లల ఒంటికి రుద్దితే దాని వాసన అంటుకుంటుంది, తనవే అనుకుంటుంది. ఇవసా రుద్దాడు. "ఇదిగోమ్మా, పెంచుకో, మంచి కుటుంబం పిల్లలు," అన్నాడు తల్లితో. అది పిల్లలను నోట కరుచుకుని లోపలికి లాక్కుంది.

నవంబరు 6

మార్పిడి వాయిదా పడింది. ఈ రోజు చేర్చుకోవాల్సిన రోజు.

నవంబరు 21

కితావో గారి నుంచి ఏ మాటా లేదు. ఉండాలని అనుకోవడం కూడా తప్పే.

డిసెంబరు 20

మామూలు తల్లుల దగ్గర పెరిగిన నాకౌట్లకు రోగం రాలేదు. ఒక్కదానికీ రాలేదు. ఈసారి భూకంపం లేదు, ఇరుకు లేదు. ఇవసా థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. దానికి కొత్త పేరు కూడా పెట్టుకున్నాడు, "కలిపి పెంచిన ఎలుకలు" అని. ఇది పేరేమిట్రా పెళ్ళిపత్రికలా అన్నాను. సార్‌కి నచ్చింది మేడమ్ అన్నాడు.

నగురా ఫోన్ చేశాడు. సయో పసితనంలో చెవినొప్పికని నెలల తరబడి బలమైన మందులు వాడారట, కడుపులోని మంచి క్రిములన్నీ అప్పుడే పోయి ఉండాలి అంటున్నాడు. ఆహారం మార్చారు, మందులు మార్చారు. నెత్తురు పడడం తగ్గిందట. తగ్గింది అన్నాడు, పోయింది అనలేదు. త్సునగి లేకపోవడం పాపకు అసలేమీ చేయలేదని కూడా అనలేం. తెలియదు. తెలియదు అన్నది నేను ఈ ఏడాదిలో చెప్పిన మొదటి శాస్త్రీయమైన మాట.

జనవరి 29

వకాయమలో నర్సింగ్ స్కూలు. జీవశాస్త్రం చెప్పాలి. ఏప్రిల్ నుంచి. ఒప్పుకున్నాను.

మార్చి 8, శుక్రవారం

గది ఖాళీ చేస్తున్నాను. గేటు దగ్గర ఎవరో అడుగుతున్నారని చెప్తే వెళ్ళాను. కితావో గారు. లోపలికి రండి అంటే రానంది.

మీ మీద కోపం పోలేదు అని ముందే చెప్పింది. పోనక్కర్లేదన్నాను. ఒక సంగతి అడగడానికి వచ్చానంది. డాక్టరు గారు సయోను బడిలో వేయవచ్చంటున్నారు, మా ఆయన సరే అంటున్నాడు, నాకే కాళ్ళు ఆడడం లేదు అంది. తర్వాత తన బూట్ల వంక చూస్తూ అడిగింది.

"ఆ ఎలుకలు... రోగం వచ్చే జాతివి, వాటిని తీసుకెళ్ళి మామూలువాటిలో పెట్టారు కదా. అవి వీటిని తరిమేయలేదా? కొరకలేదా?"

శాస్త్రం ఏమీ చెప్పలేదు ఈసారి. నేను కళ్ళతో చూసింది చెప్పాను.

"వాసన చూసుకున్నాయండీ. తర్వాత అన్నీ ఒక మూల ముద్దగా పడి నిద్రపోయాయి. ఏది ఏదో నాకు తెలియలేదు."

ఆవిడ తల ఊపింది. మళ్ళీ ఊపింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 10

వకాయమలో బడులు తెరిచారు. చిన్న చిన్న పిల్లలు పసుపు టోపీలు పెట్టుకుని పోతుంటే కిటికీ దగ్గర నిలబడిపోయాను, మొదటి క్లాసుకు ఆలస్యమయ్యాను.

ఏప్రిల్ 26, శుక్రవారం

తెలియని నంబరు. తీశాను.

కితావో గారు. పలకరింపులు లేవు. సయోకు జలుబు చేసిందట. బళ్ళో పక్కన కూర్చునే పిల్లవాడి నుంచి అంటుకుందట, వాడి పేరు కూడా చెప్పింది, నాకు చెవికెక్కలేదు. నేనే కదా, నేనే కదా ఎలుకల కథ చెప్పి బడికి పంపించింది అనుకుంటున్నాను. జ్వరం వచ్చిందా అని అడిగాను. వచ్చిందంది. ఎంత, ఇప్పుడెలా ఉంది, నగురాకు చెప్పారా అని వరసగా అడిగాను.

"తగ్గిపోయిందండీ," అంది. "మందేమీ వేయలేదు. దానంతటదే తగ్గిపోయింది."

ఆమె వెనక ఎక్కడో తుమ్ము వినిపించింది, తర్వాత ఒక పిల్ల నవ్వు, దాని వెంటే ఇంకో పిల్లవాడి నవ్వు.